నేను అడగని ఓటు

మా అన్నయ్య పార్లమెంటు సభ్యుడని ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది గానీ, ఆ సభ్యత్వంలో సగం నా టీ పుణ్యమే. శనివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా మా అమ్మ వంటింటి బయట జనం వరసకట్టి కూర్చునేవారు. ఒకడికి ఓడరేవులో ఉద్యోగం కావాలి, ఒకావిడకి మేడ మీద గది వేసుకోవడానికి అనుమతి కావాలి, ఇంకొకరికి మోకాలి ఆపరేషన్ తొందరగా జరగాలి. అన్నయ్య బల్లకి అవతల కూర్చుని వినేవాడు. నేను గాజు గ్లాసుల్లో టీ పోస్తూ, ఎవరింట్లో చావు జరిగిందో, ఎవరి అల్లుడు ఎవరితో మాట్లాడటం లేదో అన్నయ్య చెవిలో వేసేదాన్ని. పద్ధెనిమిదేళ్ళు చేశాను ఆ పని. జీతం లేదు, మంచిమాట కూడా లేదు. మా మాల్టాలో రాజకీయనాయకుల చెల్లెళ్ళకి అది మామూలే.

ఆ ఏడు, అంటే రెండువేల పదకొండులో, మా దేశంలో విడాకుల చట్టం ఉండాలా వద్దా అని జనాన్ని అడగబోతున్నారు. అప్పటిదాకా ఆ చట్టమే లేదు మాకు. డబ్బున్నవాళ్ళు పరాయి దేశం వెళ్ళి విడాకులు తెచ్చుకునేవారు. మిగిలినవాళ్ళం మొగుణ్ణి వదిలేసినా కాగితాల మీద వాడి పెళ్ళాలుగానే ఉండిపోయేవాళ్ళం. నేను నా మొగుడు ఫ్రెడుని వదిలి పదకొండేళ్ళు. విస్టిన్‌తో కలిసి ఉంటున్నది తొమ్మిదేళ్ళు. విస్టిన్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, తక్కువ మాట్లాడతాడు, బాగా వండుతాడు. మా ఇల్లు అమ్మ ఇంటికి రెండు వీధుల అవతల. ఆ తొమ్మిదేళ్ళలో అన్నయ్య ఒక్కసారి కూడా మా గుమ్మం లోపలికి రాలేదు. మమ్మల్ని తిట్టలేదు, అసహ్యించుకోలేదు, లోపలికి మాత్రం రాలేదు.

ఆ ఫిబ్రవరిలో విస్టిన్‌కి గుండెలో నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చాను. ఫారంలో 'రోగితో సంబంధం' అని ఒక గడి ఉంది. నలభై ఏడేళ్ళ ఆడదాన్ని, ఆ గడిలో 'స్నేహితురాలు' అని రాశాను. నర్సు చదువుకుని, "అయితే వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేస్తాం, సంతకం కావాలి" అంది. ఎనిమిదేళ్ళుగా విస్టిన్‌తో మాటల్లేని ఆ చెల్లెలు వచ్చి సంతకం పెట్టి వెళ్ళిపోయింది. విస్టిన్ కోలుకున్నాడు. నాకు మాత్రం ఆ అవమానం తగ్గలేదు. నాకు పెళ్ళి కావాలి, కాగితం కావాలి, ఆ గడిలో 'భార్య' అని రాసే హక్కు కావాలి.

నా దుకాణం చర్చి మెట్లకి ఎదురుగా ఉంటుంది. పన్నీరు కూరినవీ, బఠాణీ కూరినవీ, పొరలు పొరలుగా కాల్చిన పస్తిత్సీలు అమ్ముతాను. ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్నే పక్క వీధి లోంజా వచ్చింది.

"నాలుగు పన్నీరువి కట్టు మెనా. మీ అన్నయ్య రాత్రి టీవీలో ఏం మాట్లాడాడే, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి."

"ఏమన్నాడు?"

"జనం ఏం తేల్చినా సరే, పార్లమెంటులో నా ఓటు మాత్రం 'కాదు' అనే పడుతుంది, నేను దేవుడికి జవాబు చెప్పుకోవాలి అన్నాడు." అప్పుడు నా మొహం చూసి నాలిక కరుచుకుంది. "అయ్యో, నీ సంగతి మర్చేపోయాను."

"పర్వాలేదులే. వాడూ మర్చిపోయినట్టున్నాడు" అన్నాను. ఆ పూట ఒక పళ్ళెం మొత్తం మాడ్చేశాను.

శనివారం వరస మొదలవకముందే అమ్మ వంటింట్లో అన్నయ్యని పట్టుకున్నాను. అన్నయ్య పేరు ఆంజ్లు. లాయరు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జేబులో జపమాల. ఆ జపమాల ఓట్ల కోసం కాదు, నాకు తెలుసు. చిన్నప్పుడు జ్వరంలో కూడా చర్చికి వెళ్ళేవాడు. అది నటన అయ్యుంటే నాకు పని సులువయ్యేది.

"నిజమేనా టీవీలో అన్నది?"

"నిజమే."

"అన్నప్పుడు నేనెవర్నో గుర్తుందా?"

"గుర్తుంది కాబట్టే వారం నుంచి నిద్రపట్టడం లేదు."

"నువ్వు నిద్రపోకపోతే నాకేమిటి లాభం అన్నయ్యా?"

అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఫ్రెడు వెధవే, ఒప్పుకుంటాను. నువ్వు వాణ్ణి వదిలి వేరుగా ఉండటానికి కోర్టుకెక్కినప్పుడు నీ తరఫున నిలబడింది నేనే. కానీ దేవుడి ముందు వేసిన ముడి విప్పడానికి నేనెవర్ని మెనా?"

"నిన్ను విప్పమన్నదెవరు? నా ముడి నేనే విప్పుకుంటాను. నువ్వు చెయ్యి అడ్డం పెట్టకుండా ఉంటే చాలు."

"అడ్డం పెట్టకుండా ఉండటం నా వల్ల కాదు" అన్నాడు. మెల్లిగానే అన్నాడు.

అప్పటికే ఒలకబోయేలా మరుగుతున్న టీ గిన్నెని దింపి బల్ల మీద, సరిగ్గా అన్నయ్య ముందు పెట్టాను. "ఇవాళ్టి నుంచి టీ నువ్వే పోసుకో. ఓపిక ఉంటే వాళ్ళకీ పొయ్యి" అని వచ్చేశాను. బయట కూర్చున్నవాళ్ళు నాకు దారి ఇచ్చారు.

ఇల్లు చేరేలోపే నిర్ణయించుకున్నాను. పద్ధెనిమిదేళ్ళుగా అన్నయ్యతో ఇంటింటికీ తిరిగినదాన్ని. ఏ తలుపు ఎప్పుడు తడితే తీస్తారో, ఏ ఇంట్లో ముసలాయన్ని ముందు పలకరించాలో, ఏ ఇంట్లో కుక్కకి భయపడనట్టు నటించాలో నాకు తెలుసు. ఆ విద్య అన్నయ్య సొత్తు కాదు కదా. ఈసారి నా కోసం నేను తిరుగుతాను అనుకున్నాను.

అయితే ఒక సంగతి ముందు తట్టలేదు. మా ఊళ్ళో ఇల్లంతా ఒకే మాట మీద ఉంటుందని అందరి లెక్క. అన్నయ్య చెల్లెలు గుమ్మంలో నిలబడితే అన్నయ్య పనిమీదే వచ్చిందని అనుకోక ఇంకేమనుకుంటారు? మొదటి ఇంట్లోనే బెర్తు బాబాయి నన్ను చూడగానే కుర్చీ వేశాడు.

"ఇంత ఎండలో నువ్వెందుకమ్మా రావడం? మీ అన్నయ్యకి చెప్పు, మా ఇంట్లో నాలుగు ఓట్లూ 'వద్దు'కే. ఖాయం."

"బాబాయ్, నేను 'కావాలి' అని వెయ్యమనడానికి వచ్చాను."

ఆయన నన్ను చూశాడు, వెనక వీధిలోకి చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. "అన్నయ్యకి తెలుసా?"

"సాయంత్రానికి తెలుస్తుంది."

"మరి మా వాడి లైసెన్సు సంగతి?"

"అది అన్నయ్యనే అడుగు. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు బాబాయ్. నేను పెళ్ళి చేసుకోవాలి, అది చెప్పడానికి వచ్చాను."

అలా ఎన్ని గుమ్మాల్లో తప్పు దిద్దానో లెక్కలేదు. కొందరు తలుపు మొహం మీదే వేశారు. ఒకాయన, "నీ అన్నకి మచ్చ తెచ్చావు" అన్నాడు. "మా అన్నకి సబ్బుంది, కడుక్కుంటాడు" అన్నాను. ఒకావిడ మొగుడికి వినబడేలా "మా ఇంట్లో అలాంటి మాటలు వద్దమ్మా" అని గట్టిగా కేకేసి, తలుపు వేసేముందు నా చెయ్యి నొప్పి పుట్టేలా నొక్కింది. రోజూ దుకాణం కట్టేశాక సాయంత్రం నాలుగింటి నుంచి ఏడింటిదాకా, అయిదు వారాలు తిరిగాను. కాళ్ళు వాచేవి. విస్టిన్ వేడినీళ్ళ తొట్టె పెట్టి, "నాకు కాగితం అక్కర్లేదు మెనా, నువ్వుంటే చాలు" అనేవాడు. "నాకు కావాలి. నువ్వు నీళ్ళు పొయ్యి" అనేదాన్ని.

ఒక ఆదివారం అమ్మ చర్చి నుంచి తిన్నగా నా దుకాణానికి వచ్చింది. అమ్మకి ఎనభై దగ్గర పడుతున్నాయి, నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగింది.

"దూన్ షాంద్ నీ పేరు చెప్పకుండా నీ కోసం అందరిచేతా ప్రార్థన చేయించాడే. మొత్తం చర్చి నావైపు తిరిగింది."

"ఫాదరు పేరు చెప్పకపోతే నీవైపెందుకు తిరిగారమ్మా?"

"ఊళ్ళో ఇంత పేరున్న పాపాత్మురాలు ఇంకెవరున్నారే?" అంది, బఠాణీది ఒకటి తీసుకుని కొరుకుతూ. "నా ఓటు 'వద్దు'కే. ముందే చెబుతున్నా, తర్వాత ఏడవకు."

"నేనేం ఏడవను. దానికి డబ్బులిచ్చి పో."

మే ఆఖరులో జనం 'కావాలి' అన్నారు. దేశంలో కొద్ది తేడాతో, మా నియోజకవర్గంలో ఇంకాస్త పెద్ద తేడాతో. ఆ మధ్యాహ్నం కారు హారన్లు మోగుతుంటే విస్టిన్ నన్ను ఎత్తుకోబోయి నడుం పట్టేసుకుని కూలబడ్డాడు. నేను నవ్వలేకపోయాను. జనం మాట జనానిది. చట్టం రావాలంటే పార్లమెంటులో సభ్యులు ఒక్కొక్కరే అవునో కాదో చెప్పాలి. ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్ళు ఓటెయ్యొచ్చని పార్టీలు వదిలేశాయి. అటు ఎందరు, ఇటు ఎందరు అని నా దుకాణంలో రోజుకో లెక్క వినపడేది, ఒకటి ఇంకోదానికి కలిసేది కాదు.

జూన్ అంతా అన్నయ్యకి ఊపిరాడలేదు. శనివారం వచ్చేవాళ్ళు ఇప్పుడు పనులు అడగడం లేదట, బెదిరిస్తున్నారట. మేము చెప్పిందే నువ్వు సభలో చెప్పాలి, నీకు ఓటేసింది నీ దేవుడు కాదు, మేము అన్నారట. దూన్ షాంద్ వచ్చి నరకం గుర్తుచేసి వెళ్ళాడట. పార్టీ పెద్దలు మూడో దారి చూపించారు: ఆ రోజు సభకి రాకు, కడుపునొప్పి అని చెప్పు, ఎవరికీ కోపం రాదు. ఇవన్నీ అమ్మే మోసుకొచ్చింది. "వాడు తిండి తినడం లేదే" అంది. నాకు జాలి వేసింది, జాలి వేసినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

జూలై మూడో వారంలో అన్నయ్య కబురు పెట్టాడు. శనివారం మధ్యాహ్నం, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక వెళ్ళాను. వంటిల్లు మాడిన టీ వాసన వేస్తోంది, తనే కాచుకున్నట్టున్నాడు. బల్లకి ఇవతలి కుర్చీ, వచ్చినవాళ్ళు కూర్చునేది, నా వైపు జరిపాడు.

"కూర్చో."

"నిలబడే వింటాను."

"అడుగు మెనా."

"ఏమని?"

"నా కోసం 'అవును' అను అన్నయ్యా అని ఒక్కసారి అడుగు. వేస్తాను. నియోజకవర్గం కోసం వెయ్యలేను, పార్టీ కోసం వెయ్యలేను. నా చెల్లెలు అడిగింది, కాదనలేకపోయాను అని మాత్రం దేవుడితో చెప్పుకోగలను."

అబద్ధం చెప్పను, మాట నోటిదాకా వచ్చింది. ఒక్క వాక్యం. ఏ లెక్క నిజమో ఎవరికీ తెలియని రోజుల్లో ఒక్క ఓటు అంటే మాటలు కాదు. ఆసుపత్రి గడి కళ్ళముందు ఆడింది. కానీ ఆ ఖాళీ కుర్చీ చూస్తుంటే, పద్ధెనిమిదేళ్ళుగా అందులో కూర్చుని టోపీ చేతిలో నలుపుకున్నవాళ్ళందరూ కనిపించారు. పని అయినవాళ్ళు జీవితాంతం అన్నయ్యకి కృతజ్ఞతతో వంగిపోయి ఉండటం నేను చూశాను. వాళ్ళకి టీ పోసింది నేనే.

"అడగను" అన్నాను.

"పంతానికి పోకు."

"పంతమే. నా పెళ్ళి నువ్వు పెట్టిన భిక్ష అని నువ్వు అనుకుంటావు, నీ దేవుడు అనుకుంటాడు, చివరికి నేనూ అనుకుంటాను. పండగలకి నీకు చేతులు జోడించాలి. నా వల్ల కాదు."

"చట్టం ఓడిపోతే?"

"ఓడిపోతే ఓడిపోయినదాన్నవుతాను. నీ దగ్గర అడుక్కున్నదాన్ని మాత్రం కాను." ఆ కుర్చీని మళ్ళీ బల్ల కిందకి నెట్టేశాను. "ఇంకో మాట. ఇది అడగడం కాదు, చెప్పడం. కడుపునొప్పి అని దాక్కోకు. నువ్వు ఏది నమ్ముతావో అది లేచి నిలబడి గట్టిగా చెప్పు. నేనొచ్చి వింటాను."

ఇంటికొచ్చి విస్టిన్‌కి చెప్పాను. ఎప్పుడూ గొంతెత్తని మనిషి చెంచా బల్లకేసి కొట్టాడు.

"అడిగితే నీ సొమ్మేం పోయేది? అయిదు వారాలు ఊరందర్నీ అడిగావు కదా."

"ఊళ్ళోవాళ్ళని వాళ్ళ మనసు చూసుకుని వెయ్యమన్నాను. వాడు తన మనసు చంపుకుని వేస్తానంటున్నాడు, ఆ చంపడం కూడా నా చేతే చేయిస్తానంటున్నాడు."

"నాకు ఈ పెద్ద పెద్ద మాటలు తెలీవు" అని విస్టిన్ పడవల దగ్గరికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు మా ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు. తప్పు చేశానేమో అని నేను కూడా అనుకున్నాను. అయినా మళ్ళీ అమ్మ వంటింటికి వెళ్ళలేదు.

ఓటింగు సోమవారం. దుకాణం మూసి రాజధాని వలెట్టాకి బయల్దేరాను. మా పాత పసుపు బస్సులు ఆ నెలలోనే పోయాయి, కొత్త బస్సులో ఎక్కడ దిగాలో తెలీక ఒక స్టాపు ముందే దిగి ఎండలో నడిచాను. సభలో పైన ప్రేక్షకుల వరసలో కూర్చున్నాను. చప్పుడు చెయ్యకూడదని కాపలాదారు ముందే హెచ్చరించాడు. కింద గుమాస్తా ఒక్కో పేరే పిలుస్తున్నాడు, ఒక్కొక్కరే జవాబిస్తున్నారు. అవును. అవును. కాదు. ఒకాయన పేరు పిలిస్తే కుర్చీ ఖాళీ. నేను వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో తప్పాను.

"ఆంజ్లు బర్తోలో."

అన్నయ్య లేచాడు. లేవనక్కర్లేదు, ఎవరూ లేవడం లేదు, కూర్చునే చెబుతున్నారు. తను లేచి, తలెత్తి పైకి, నేనున్న చోటుకి చూసి చెప్పాడు.

"కాదు."

కోపంతో ఏడ్చాను. దాచుకోను, ముక్కు కారేలా ఏడ్చాను. సొంత అన్నయ్య, అందరిముందూ, నా మొహం మీద. పక్కావిడ చేతిరుమాలు ఇచ్చింది. దాంతో మొహం తుడుచుకుంటూ ఉండగానే కింద బల్లలు చరిచిన చప్పుడైంది. చట్టం గెలిచింది, కొద్దిలో కాదు, బాగానే గెలిచింది. అన్నయ్య 'కాదు' దాన్ని ఆపలేకపోయింది. అన్నయ్య 'అవును' దానికి అవసరమూ లేకపోయింది. నేను ఎవరికీ ఏమీ బాకీ లేను అనిపించి, ఆ రుమాల్లోనే నవ్వాను.

బయట గుంపు ఉంది. 'అవును' అన్నవాళ్ళకి చప్పట్లు కొట్టారు. అన్నయ్య బయటికి రాగానే ఈలలు, తిట్లు మొదలయ్యాయి. మా ఊరివాడొకడు అడ్డంగా నిలబడి, "మేం చెప్పింది వినపడలేదా, చెవుడా నీకు?" అని వేలు చూపించాడు. అన్నయ్య అలాగే నిలబడ్డాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వా మెనా? నిన్ను ముంచినవాడి చెయ్యి పట్టుకుంటావేంటి?" అన్నాడు వాడు.

"నన్నెవరూ ముంచలేదు. వచ్చే ఎన్నికల్లో ఓటు వెయ్యకు, అది నీ ఇష్టం. ఇప్పుడు మాత్రం తప్పుకో. నా మొహం చూసి 'కాదు' అన్నాడు. కుర్చీ ఖాళీగా వదిలి పారిపోయినవాళ్ళున్నారు, వేలు వాళ్ళకి చూపించు."

అన్నయ్య కారులోనే తిరిగొచ్చాం. ఊరి పొలిమేరలో అన్నయ్య, "అమ్మ ఎదురుచూస్తుంటుంది, అక్కడే తిందామా?" అన్నాడు.

"విస్టిన్ కుందేలు వండుతున్నాడు. మా ఇంటికి రా."

అన్నయ్య కారు పక్కకి ఆపాడు. "వస్తాను మెనా. అక్టోబరులో చట్టం అమల్లోకి వస్తుంది కదా. మీ ఇద్దరి కాగితాలు అయ్యాక..."

"అంటే, నువ్వు కాదన్న చట్టం వచ్చి నా గుమ్మాన్ని శుభ్రం చేశాక, అప్పుడు ఎక్కుతావా?" కారు తలుపు పిడి మీద చెయ్యి వేశాను. "అప్పుడు వస్తే నేనే రానివ్వను అన్నయ్యా. వస్తే ఇవాళే రా. పెళ్ళికాని చెల్లెలింటికి రా. లేదా ఇక్కడే దించెయ్, నడిచిపోతాను."

దించెయ్యలేదు. కారు అమ్మ వీధి దాటి మా వీధిలోకి తిరిగింది. తలుపు తీసిన విస్టిన్ అన్నయ్యని చూసి గరిటె చేతులు మార్చుకున్నాడు. "రండి లాయరుగారూ. ఉప్పు కాస్త ఎక్కువైంది, ఏమీ అనుకోకండి" అన్నాడు. అన్నయ్య గడప దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి వచ్చాడు.

వెల్లుల్లి, ద్రాక్షసారా పోసి వేయించిన కుందేలు బల్ల మీద పొగలు కక్కుతోంది. విస్టిన్‌కి దేవుడూ దెయ్యం ఏదీ లేదు, వెంటనే తినబోయాడు. అన్నయ్య కళ్ళు మూసుకుని చేతులు జోడించడం చూసి ఫోర్కు కింద పెట్టేశాడు.

"ప్రభువా, ఈ భోజనాన్ని దీవించు" అన్నాడు అన్నయ్య. ఆగాడు. చాలాసేపు ఆగాడు, కుందేలు చల్లారిపోతుందేమో అనుకున్నాను. "ఈ ఇంటిని దీవించు. వీళ్ళ సంసారాన్ని దీవించు."

సంసారం అన్నాడు. నేను "ఆమెన్" అన్నాను, వీధిలోకి వినపడేంత గట్టిగా.

ఆ చలికాలంలో నాకు విడాకులు వచ్చాయి, విస్టిన్‌తో పెళ్ళీ అయింది. రిజిస్ట్రారు ఆఫీసుకి అన్నయ్య రాలేదు, రాడని తెలిసే పిలిచాను. అమ్మ వచ్చింది, తన ఓటు 'వద్దు'కే అని రిజిస్ట్రారుకి కూడా చెప్పింది. తర్వాతి ఎన్నికల్లో అన్నయ్య ఓడిపోయాడు. ఫలితాలు వచ్చిన రోజు తిన్నగా మా ఇంటికే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. విస్టిన్ కుందేలు వడ్డించాడు.

"నువ్వెవరికి వేశావు?" అన్నాడు.

"నీకు వెయ్యలేదు" అన్నాను, మొహం చూసి.

కాసేపు నమిలాడు. "ఇంకో రెండు ముక్కలు పెట్టు" అని పళ్ళెం నా వైపు జరిపాడు.